దీవెనమ్మ రాజీనామా

కరోనా రెండో విడత తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నెల్లూరు జిల్లా ఆరోగ్య శిక్షణ బృందానికి ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నేను పబ్లిక్ హెల్త్ నర్సింగ్ ఆఫీసర్‌ని. ఈ హోదా గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఊళ్లలో తిరిగే ఏఎన్ఎంల మీద సూపర్‌వైజర్లు ఉంటారు, వాళ్ల మీద మేము. డాక్టర్ల దృష్టిలో మేము నర్సులం, నర్సుల దృష్టిలో ఆఫీసర్లం, ఆఫీసర్ల దృష్టిలో ఫోన్ చేయగానే ఎత్తాల్సినవాళ్లం. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని శిక్షణలో వేయడం మా శాఖలో ఆనవాయితీ. ఈవిడ ఊళ్లు తిరగలేదు, తిరిగితే పోట్లాట తెస్తుంది, కూర్చోబెట్టి పాఠాలు చెప్పించండి అని దానర్థం. నేను పాఠాలు చెప్పాను, పోట్లాట కూడా మానలేదు.

ఆ ఏడాది పైనుంచి దిగిన కొత్త శిక్షణ పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. ఉత్తర్వులో దాన్ని ‘ప్రేరణాత్మక సంభాషణ’ అని రాశారు. మావాళ్లకు రెండూ నోరు తిరక్క, ఎం.ఐ. అన్న పొడి అక్షరాలు కలిపి ‘ఎమ్మై క్లాసు’ అన్నారు, అదే నిలిచింది. బీపీ, షుగరు ఉండి మాత్రలు వేసుకోనివాళ్లతో, తాగుడు మానలేనివాళ్లతో నర్సు ఎలా మాట్లాడాలన్నది అందులో విషయం.

ప్రభుత్వాసుపత్రిలో మేము మాట్లాడే పద్ధతి అందరికీ తెలిసిందే. మాత్రలు మింగమంటే మింగవు, పడిపోయాక మా ప్రాణం తీస్తావు అని మొదలుపెట్టి, పెళ్లాం పిల్లల దాకా వెళ్లి, చివరికి మాత్రలు చేతిలో పెట్టి పంపుతాం. అందులో ఆపేక్ష లేదని నేననను. కానీ ఆ చీవాట్లు తిన్నవాడు మాత్రలు ఇంటికి తీసుకెళ్లి గూట్లో పెడతాడే గాని మింగడు. కొత్త పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ముందు మన సలహాను మనం మింగాలి. అవును, కాదు అని తెగిపోయే ప్రశ్న కాకుండా అవతలి మనిషి నాలుగు మాటలు చెప్పుకునే ప్రశ్న అడగాలి. దాన్ని ఓపెన్ క్వశ్చన్ అంటారు. విన్నదాని సారం మన మాటల్లో తిరిగి వినిపించాలి. అది రిఫ్లెక్షన్. మాత్ర ఎందుకు వేసుకోవాలో మనం చెప్పకూడదు. ఆ కారణం అతని నోటి నుంచే రావాలి, వచ్చేదాకా ఓపిక పట్టాలి.

చెప్పినంత తేలిక కాదు. మొదటి క్లాసులో ఒక ఏఎన్ఎంకు రోగి వేషం, ఇంకొకామెకు నర్సు వేషం ఇచ్చాను. రోగి “కాళ్లు లాగుతుండాయి” అంటే నర్సు “కాళ్లు లాగుతున్నాయంటున్నారు” అంది. “నిద్ర పట్టడంలా” అంటే “నిద్ర పట్టడం లేదంటున్నారు” అంది. రోగికి ఒళ్లు మండి “నీకేమన్నా చెవుడా అక్కా, చెప్పిందే చెప్తుండావు” అంటూ కుర్చీలోంచి లేచిపోయింది. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. ఇన్‌చార్జి నవ్వకూడదని ఎక్కడా రాసి లేదు.

ఆ క్లాసులో నవ్వకుండా ఆలోచిస్తూ కూర్చున్న మనిషి దీవెనమ్మ. బిట్రగుంటకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు. కాంట్రాక్టు ఉద్యోగం. నలభై ఇంకా రాలేదు. భర్త గూడూరులో నిమ్మకాయల మార్కెట్లో ఒక కమిషన్ కొట్లో పని చేస్తాడు, ఇద్దరు ఆడపిల్లలు అక్కడే చదువుతున్నారు. ఆమె ఆసుపత్రి వెనక క్వార్టర్లో ఉంటూ ఆదివారం గూడూరు వెళ్లి, చర్చిలో ఆరాధన చూసుకుని, పిల్లలకు తలంటి, సాయంత్రం రైలుకు వచ్చేసేది. ఆమె వంతు వచ్చినప్పుడు నేను రోగి వేషం వేశాను. ఒక ప్రశ్న అడిగింది, నేను పొడిగా జవాబిచ్చాను. ఆమె ఏమీ అనలేదు. నా మొహంలోకి చూస్తూ అలాగే కూర్చుంది. ఆ నిశ్శబ్దం భరించలేక నేను అనుకోని మాట ఒకటి బయటపెట్టాను. మౌనంగా ఉండటం ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టం. నాకే సరిగా రాదు. ఆమెకు మొదటి రోజే వచ్చింది.

తర్వాత జరిగిన రెండో విడత క్లాసులో ఆమె పోలయ్య సంగతి చెప్పింది. పోలయ్య ఆ పక్క పాలెంలో చేపల వేటకు పోయే మనిషి. బీపీ చూస్తే మిషన్ చెడిపోయిందేమో అనిపించేంత ఉంటుంది. మాత్ర వేసుకుంటే నీరసం, నీరసమైతే వేట లేదు అని అతని వాదన. అంతకు ముందున్న నర్సులు తిట్టి తిట్టి వదిలేశారు. దీవెనమ్మ తిట్టలేదు. వేట గురించి, వల గురించి అడిగింది. విని, ఊరుకుంది. అలా కొన్నిసార్లు అయ్యాక అతను తన అన్న సంగతి ఎత్తాడు. అన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఇప్పుడు వల చిరిగితే ఇంకొకరిని బతిమాలుకుంటాడు. కాసేపాగి పోలయ్య తనంతట తానే అన్నాడట: “నా చెయ్యి కూడా పడిపోతే ఇంట్లో ఇద్దరికీ వల కుట్టేదెవురమ్మా?” ఆ రోజు నుంచి ప్రతి నెలా మాత్రలకు వచ్చాడు. ఈ కథను నేను కోవూరులో, కావలిలో, ఎక్కడ క్లాసు జరిగితే అక్కడ పేరు లేకుండా చెప్పాను. నా చేతికి దొరికిన మంచి ఉదాహరణ అదొక్కటే మరి.

మరుసటి ఏడాది తుఫాన్ల కాలం దాటాక ప్రోగ్రాం ఆఫీసరు నన్ను పిలిపించారు. జిల్లాలో ఈ కార్యక్రమాలన్నీ చూసే డాక్టరాయన. దీవెనమ్మ రాజీనామా ఇచ్చిందని చెప్పారు. కాంట్రాక్టువాళ్లు నెల ముందు తెలియజేసి మానుకోవచ్చు, ఆపే నిబంధన లేదు. ఆయన బాధ నిబంధనతో కాదు. ఆ కేంద్రం ఇరవై నాలుగు గంటల కేంద్రం. అంటే రాత్రీ పగలూ కాన్పులు జరగాలి, అందుకు ముగ్గురు స్టాఫ్ నర్సులు వంతులవారీగా ఉండాలి. ఒకామె ప్రసూతి సెలవుకు వెళ్లి, అది అయ్యాక కూడా పొడిగించుకుంటూ పోతోంది. ఇంకొకామె డిప్యుటేషన్ మీద నెల్లూరు వెళ్లింది. డిప్యుటేషన్ అంటే జీతం ఇక్కడి పోస్టు మీద, పని ఇంకోచోట. కాగితం మీద ఆ పోస్టు నిండే ఉంటుంది కాబట్టి అక్కడికి వేరే మనిషిని ఇవ్వరు. మిగిలింది దీవెనమ్మ. ఏడాదికి దగ్గరగా ఆ మూడు వంతులూ ఆమే చేస్తోంది. ఆమె కూడా పోతే రాత్రిపూట తలుపు వేయాలి, ఆ మాట వీడియో కాన్ఫరెన్సులో పైవాళ్లకు చెప్పుకోవాలి.

“మీ శిష్యురాలే గదా మేడం, మీ ఎమ్మై ఒక సిట్టింగ్ వేయండి. లెటర్ వెనక్కి తీసుకుంటుంది” అన్నారాయన.

అది అందుకు పెట్టిన పద్ధతి కాదని చెప్పాను. మనకు కావలసినది అవతలివాళ్ల చేత చేయించడానికి వాడితే దాన్ని బుజ్జగింపు అంటారు, ఎమ్మై అనరు అన్నాను. ఆయన చదువుకున్న మనిషి, వెంటనే అందుకున్నారు. “రోగి చేత మాత్ర మింగించడం మాత్రం మనకు కావలసింది కాదా?” అన్నారు. నా దగ్గర అప్పటికి జవాబు లేదు. వెళ్లి మాట్లాడతాను, మాటివ్వను అని వచ్చేశాను. వెళ్లడానికి కారణం ఆయన కాదు. ఆ కేంద్రం మూతపడితే పాలెం ఆడవాళ్లు కాన్పుకు కావలి దాకా పోవాలి. దీవెనమ్మ ఉండిపోతే బాగుండునని నాకూ ఉంది. గట్టిగానే ఉంది.

బిట్రగుంటలో దిగి ఆటో పట్టుకున్నాను. రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు దాటాక ఆసుపత్రి. నేను వెళ్లేసరికి పొద్దుటి ఓపీ అయిపోయింది, డాక్టరు నెల్లూరు మీటింగుకు వెళ్లాడు. కాన్పుల గదిలో ముందురోజు కాన్పయిన బాలింత ఒకామె ఉంది. దీవెనమ్మ ఆ బిడ్డకు పాలు పట్టిస్తోంది. నన్ను చూసి నవ్వింది గాని ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. మనిషి సగమైంది. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి టీ తెచ్చి ఇచ్చింది.

నేను పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎట్లా ఉండేది అని అడిగాను.

“ఇది ఓపెన్ క్వశ్చన్ గదా మేడం” అంది.

అది కాదమ్మా, నిజంగానే అడుగుతున్నానన్నాను. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదని చెప్పింది. “శరీరం కన్నా మనసు ఎక్కువ అలిసినట్టుంది నీకు” అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. “ఇప్పుడు రిఫ్లెక్షన్ చేస్తుండారు” అంది. నేర్పినవాళ్లకు ఇంతకన్నా మర్యాదగా ఎవరూ బుద్ధి చెప్పలేరు. టీ గ్లాసు పక్కన పెట్టి, నన్ను ఆఫీసరు పంపాడు, నీ చేత లెటర్ వెనక్కి తీయించమన్నాడు, నాకూ నువ్వు ఉంటే బాగుంటుందని ఉంది అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“తెలుసు మేడం. మిమ్మల్ని గాక ఎవుర్ని పంపిస్తారు?” అంది. అప్పుడు నోరు విప్పింది.

వానలకు ముందు కొంతకాలం బీపీ మాత్రలు రాలేదు. జిల్లా స్టోరు నుంచి రావాలి, అక్కడా లేవు. పోలయ్య వచ్చాడు, లేవంది. బయట కొనుక్కోమంది. ఒకసారి కొన్నాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ లేవంది. ఆ తర్వాత రావడం మానేశాడు. ఆమె ఇంటికి వెళ్లి చూద్దామనుకుంది, కేంద్రం వదిలి ఎలా వెళుతుంది? ఒక ఉదయం నులక మంచం మీద మోసుకొచ్చారు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట లేదు. కళ్లు మాత్రం ఆమె మీదే పెట్టి ఉంచాడట. చేయాల్సినవన్నీ చేసి 108లో నెల్లూరు పంపింది. అక్కడే పోయాడు.

“నేను అడక్కపోయుంటే ఆయన మాత్రల ఊసే ఎత్తేవాడు గాదు మేడం. నేనే అడిగి అడిగి చెప్పించినాను. వేసుకుంటానని ఆయన చెప్తే ఇచ్చేదానికి నా దగ్గర మాత్ర లేదు. ఆయన్ని బండి ఎక్కించినాక లోపలికి పొయ్యి ఉప్మా తిన్నాను. ఏడుపు రాలా. ఉప్పు తక్కువైందే అనుకున్నాను, అంతే.”

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఇంకొకటి చెప్పింది. అది జరిగి ఎన్నాళ్లో కాలేదు. తొలిచూలు కాన్పుకు వచ్చిన చిన్నపిల్ల ఒకటే అరుస్తోంది. అప్పటికి రెండు రాత్రుల నుంచీ దీవెనమ్మ నడుం వాల్చలేదు. ఆ పిల్ల తొడ మీద ఫట్‌మని కొట్టింది. నోరు మూసుకోమంది. ఆ పిల్ల అరుపు ఆపి, “తప్పయిపోయింది సిస్టరమ్మా” అంది.

“ఆ పిల్ల నాకు తప్పయిందని చెప్పింది మేడం. నొప్పులు పడతా. ఇంకో ఏడాది ఈడుంటే నేను దినామూ కొట్టే నర్సునైపోతాను. అట్టాంటోళ్లను మనం చూసినాం గదా. నా చెయ్యి అట్టా లేసేది అలవాటు గాకముందే పోవాల.”

మా పుస్తకాల్లో దీన్ని బర్నౌట్ అంటారు. ఒంట్లో శక్తి అయిపోవడం ఒక్కటే కాదు. రోగి మనిషిలా కనపడటం మానేస్తాడు, చేసే పనికి అర్థం లేదనిపిస్తుంది. స్లైడు మీద మూడు ముక్కల్లో ఉంటుంది. నేనే ఎన్నోసార్లు ఆ స్లైడు చూపించాను. ఎదురుగా కూర్చుని ఒక మంచి నర్సు దాన్ని తన నోటితో చెబుతుంటే నాకు భయం వేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో చెప్పమంటే పెద్ద జాబితా అవుతుంది.

ఏముంటే ఉండగలవని అడిగాను. ఈసారి అది ఏ రకం ప్రశ్నో ఆమె చెప్పలేదు.

“రెండో మనిషి. ఒక రాత్రి నాది, ఒక రాత్రి ఆమెది. అంతకన్నా ఏం వద్దు” అంది. డిప్యుటేషన్ మీద వెళ్లిన అమ్మాయిని వెనక్కి పంపితే చాలు. జీతం పెంచమనలేదు, బదిలీ అడగలేదు.

నేను ఆమెను ఒక్కటే కోరాను. ఇది పద్ధతిలోది కాదు, వయసులో పెద్దదాన్ని కాబట్టి అడిగాను. నిద్రలేని బుర్రతో తేల్చుకోవద్దు, ఒక్కసారి కడుపునిండా నిద్రపోయి అప్పుడు చెప్పు, నువ్వు ఏం చెప్పినా మారు మాట్లాడను అన్నాను. సరేనంది. “ఆ నిద్ర యాడ దొరుకుతుందో అది గూడా మీరే చెప్పండి” అంది.

నెల్లూరు తిరిగి వచ్చి ఆఫీసరుగారికి చెప్పాను. సిట్టింగులతో పని లేదు, డిప్యుటేషన్ ఒకటి రద్దు చేయండి, ఆమె ఉంటుంది అన్నాను. ఆయన దుర్మార్గుడేమీ కాదు. టేబుల్ మీద పెన్ను అటూ ఇటూ దొర్లించారు. “ఆ అమ్మాయి ఎవరి తాలూకో మీకు తెలుసు. నేను ఈ రోజు రద్దు చేస్తే రేపు నన్నే డిప్యుటేషన్ వేస్తారు” అన్నారు. అయితే లెటర్ సంగతేమిటని అడిగారు. నిద్రపోయాక చెబుతానందని చెప్పాను. ఆయనకు అందులో ‘ఆగింది’ అన్నది ఒక్కటే వినపడింది. మంచి పని చేశారు మేడం అన్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తీర ప్రాంత ఆరోగ్య కేంద్రాల స్టాఫ్ నర్సులకు ఒత్తిడిని ఎదుర్కోవడంపై ఒక రోజు శిక్షణ, నెల్లూరులో. హాజరు తప్పనిసరి. దీవెనమ్మ పేరు మొదట్లోనే ఉంది. నిర్వహించేది నేను. ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ రోజు అక్కడ కాన్పు వస్తే ఎవరు చూస్తారని అడిగాను. పక్క కేంద్రం నుంచి ఒక నర్సును ఆ రోజుకు సర్దుతున్నామన్నారు. అన్ని నెలల్లో ఆమెకు ఒక్క రోజు సెలవు ఇవ్వడానికి దొరకని మనిషి, సెలవు లేక అలసిపోతే ఎలా ఓర్చుకోవాలో పాఠం వినడానికి పంపేసరికి దొరికింది.

ఆ రోజు పొద్దున్నే రైలుకు వచ్చింది దీవెనమ్మ. చివరి వరసలో కూర్చుంది. మొదట ఒక యోగా మాస్టారు ఊపిరి పీల్చడం, వదలడం నేర్పాడు. తర్వాత అందరికీ తలా ఒక బెలూన్ పంచారు. మీ బాధలన్నీ తలుచుకుంటూ ఊదండి, ఆపైన సూదితో పొడిచి పగలగొట్టండి అన్నారు. ఇది నా పాఠం కాదు, పైనుంచి వచ్చిన ప్యాకేజీ. బెలూన్లు ఫట్ ఫట్‌మని పేలుతున్నాయి, నర్సులు కేరింతలు కొడుతున్నారు, చివరి వరసలో దీవెనమ్మ బల్ల మీద తల ఆనించి నిద్రపోతోంది. ఆమె బెలూన్ ఊదకుండానే చేతిలో ఉంది.

పక్కనున్న నర్సు తట్టి లేపబోతే వద్దని సైగ చేశాను. పక్క గదిలో చాపలు పరిపించాను. ఇద్దరు నర్సులు భుజాలు పట్టుకుని నడిపించి పడుకోబెట్టారు. నడుస్తున్నంతసేపూ కళ్లు తెరవలేదు. ఒకామె తన చున్నీ మడిచి తల కింద పెట్టింది. ఆ తర్వాత శిక్షణంతా మేము గొంతు తగ్గించి నడిపాం. మిగతా బెలూన్ల సంచీ మూట కట్టి బీరువాలో పెట్టించాను. భోజనాలకు లేపుదామా అని ఎవరో అడిగితే నిద్రే పెట్టండి, అన్నం కాదు అన్నాను.

ముగింపుకు ఆఫీసరుగారు వచ్చారు. తలుపు సందులోంచి చాప మీది మనిషిని చూసి, ఆవిడకేమైందని అడిగారు. “మీరిచ్చిన శిక్షణే తీసుకుంటోంది సార్” అన్నాను. ఫొటో దిగాల్సినప్పుడు ఆయన ఆ తలుపు కనపడకుండా అందరినీ ఇటు తిరగమన్నారు. ఆమె మీద దయతో అన్నారో, తన మీద జాగ్రత్తతో అన్నారో నేను తేల్చుకోలేదు.

పొద్దు వాలాక లేచింది. మొహం కడుక్కుని, టీ తాగి, నా దగ్గరికొచ్చి నిలబడింది. “నిద్రపోయినాను మేడం. ఇప్పుడు అడగండి” అంది.

అడిగాను.

“పోతాను” అంది. గొంతు తేటగా ఉంది. ఆ తేటదనం చూశాక ఇది అలసట మాట్లాడిన మాట కాదని నాకు తెలిసిపోయింది.

ఆ నిమిషంలో నా నాలుక చివర ఒక మాట ఉంది. మరి పాలెం ఆడవాళ్లు ఏమైపోతారు అన్న మాట. ఆ ఒక్కటి అంటే ఆమె ఆగిపోతుంది. అందులో నాకు అనుమానం లేదు, ఆమె అలాంటి మనిషి. తల వంచుకుని రాత్రి రైలుకు తిరిగి వెళ్లిపోతుంది, ఇంకో ఏడాది లాగుతుంది, తర్వాత ఏ పిల్ల తొడ మీదో మళ్లీ చెయ్యి పడుతుంది. మనిషికి ఎక్కడ నొక్కితే లొంగుతుందో తెలిసి అక్కడ నొక్కడానికి నాకు చేతులు రాలేదు. పైగా మారు మాట్లాడనని మాటిచ్చాను. సరేనమ్మా అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, వదిలి, రైలుకు వెళ్లిపోయింది.

నెలాఖరుకు మానేసింది. సాయంత్రమైతే కేంద్రానికి తాళం పడేది. గోడ మీద ఇరవై నాలుగు గంటల సేవలు అన్న బోర్డు మాత్రం అలాగే ఉంది, దాన్ని చెరపమని ఉత్తర్వు ఎవరిస్తారు? ఊళ్లో ఏఎన్ఎం పగలు చేయగలిగింది చేసింది. తర్వాతి వానల్లో పాలెం నుంచి ఒకామెను కాన్పుకు కావలి తీసుకెళ్తుంటే దారిలో ఆటోలోనే ప్రసవమైంది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

ఆ మరణం మీద సమీక్ష జరిగింది. అందులో రోడ్డు గుంతల గురించి, 108 ఆలస్యం గురించి మాట్లాడారు. ముగిశాక ఆఫీసరుగారు నన్ను పక్కకు పిలిచి, “ఆ రోజు మీరు ఒక్క మాట అనుంటే ఆమె ఉండేది మేడం” అన్నారు. “మీరు ఒక్క సంతకం పెట్టుంటే ఉండేది సార్” అన్నాను. నా జవాబు సరైనదే. కానీ ఆ బిడ్డ సంగతి వచ్చినప్పుడల్లా సరైన జవాబు ఉన్నందువల్ల నాకు తేలికేమీ కాలేదు. ఇప్పటికీ కాలేదు.

పక్షం రోజుల్లో డిప్యుటేషన్ రద్దయింది. అన్నాళ్లూ అసాధ్యమైన సంతకం ఒక పూటలో పడింది. సెలవు పొడిగించుకుంటూ వచ్చిన రెండో ఆమె కూడా చేరింది. ఇప్పుడక్కడ రాత్రిళ్లు దీపం వెలుగుతోంది.

నేను రిటైరయ్యాక ఒక పని మీద గూడూరు వెళ్లి, నిమ్మకాయల మార్కెట్లో దీవెనమ్మను చూశాను. భర్త పని చేసే కొట్లోనే కాయలు గ్రేడు చేస్తోంది. పెద్దవి ఒక గంపలోకి, చిన్నవి ఒక గంపలోకి, మచ్చపడ్డవి పక్కకు. ఒళ్లు కాస్త వచ్చింది. నన్ను చూసి గోనె మీద చోటు చేసి కూర్చోబెట్టింది. అక్కడ ఇద్దరు నర్సులు ఉన్నారని, మూడో పోస్టుకు మళ్లీ తీసుకుంటున్నారని చెప్పాను. ఈసారి నన్ను ఎవరూ పంపలేదని కూడా చెప్పాను. నవ్వి, తల అడ్డంగా ఊపింది. ఎందుకని నేను అడగలేదు.

కాసేపు కాయలు ఏరుతూ ఉంది. తర్వాత తలెత్తకుండానే, ఆటోలో పోయిన బిడ్డ సంగతి విన్నానంది. “ఆడబిడ్డా, మగబిడ్డా మేడం?” అని అడిగింది.

నాకు తెలియదు. సమీక్షలో మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అడగలేదు కూడా. తెలియదని చెప్పాను. ఆమె ఒక కాయను చేతిలోకి తీసుకుంది. తర్వాత దాన్ని ఏ గంపలో వేయాలో చూసి వేసింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది పెద్ద సంగతేమీ కాదు. ఎమ్మై మంచి పద్ధతి, ఇప్పటికీ అదే అంటాను. మనిషి లోపల ఉన్నదాన్ని అది నిజాయితీగా బయటికి తెస్తుంది. అలా తెచ్చాక ఆ మనిషికి కావలసింది ఇవ్వాల్సిన బాధ్యత అడిగినవాళ్లది. ఇవ్వలేని ఆఫీసు అడగకూడదు. ఆ రోజు ఆఫీసరుగారి ప్రశ్నకు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. ఇంకోటి, ఖాళీగా ఉన్న డ్యూటీని శిక్షణతో నింపలేం. అక్కడికి ఇంకో నర్సును పంపాలి.